పర్యాటక వాహనాలకు పొద్దున్నే చేసే తనిఖీ సరిపోతుందా?

చర్చాంశం: కొండ మీది దర్శనీయ స్థలాలకు సందర్శకులను చేర్చే వ్యాన్లను, కేబుల్ కార్లను రోజూ పరిశీలించి సంతకం చేస్తున్నప్పుడు, సీజన్ మధ్యలో ఆపి విప్పి చూడవలసిన అవసరం ఉందా?

మొదటి సభ్యుడు: అవసరం లేదనే నా అభిప్రాయం. రోజంతా తిరిగినా ఈ బండ్లు నడిచే దూరం తక్కువ, సర్వీసు గడువేమో కిలోమీటర్లలో ఉంటుంది. బాగా నడుస్తున్న బండిని విప్పితే కొత్త లోపాలు వస్తాయన్నది మెకానిక్కులు చెప్పే మాటే.

రెండో సభ్యుడు: ఆ చివరి మాటతో నాకు పేచీ లేదు గాని, కిలోమీటర్ల లెక్క చదును రోడ్డుకు పనికొచ్చేది. నిండా జనంతో ఏటవాలు దిగుతూ, గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు ఉంచితే ప్యాడ్ల వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలన్నది ప్రమాణం. తేమ పీల్చుకున్న ఆయిల్‌కు అదే ప్రమాణం 155 డిగ్రీలతో సరిపెట్టుకుంటుంది. మరిగిన ఆయిల్‌లో పుట్టిన ఆవిరి బుడగలు నొక్కుకుపోతాయే తప్ప ఒత్తిడిని చక్రాలకు చేర్చవు కనుక పెడల్ నేలకు తగులుతుంది. చల్లని బండిలో పొద్దున నొక్కి చూసినవారికి మాత్రం అదే పెడల్ గట్టిగానే ఉంటుంది.

2025 సెప్టెంబరులో పోర్చుగల్‌లోని లిస్బన్‌లో గ్లోరియా ఫ్యునిక్యులర్ (కేబుల్ లాగుతుండగా ఏటవాలు పట్టాల మీద నడిచే బండి) పట్టాలు తప్పి 16 మంది మరణించారు. ఆ ఉదయం కంటితో చేసిన తనిఖీలో లోపమేమీ కనిపించలేదు. కేబుల్ ఊడిన చోటు విప్పితే తప్ప కనబడదని దర్యాప్తు సంస్థ తెలిపింది.

మూడో సభ్యుడు: ఒకే బండి మీద బతికేవారు దాన్ని రెండు రోజులు ఆపితే డ్రైవరు కూలి ఎవరిస్తారు?

రెండో సభ్యుడు: ఆ ఇబ్బంది నిజమే, దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కాని ఇటలీలోని మొట్టరోనేలో 2021 మే 23న 14 మంది చనిపోవడానికి దారితీసినదీ ఆపడానికి ఇష్టపడకపోవడమే: అత్యవసర బ్రేకు ఊరికే పడుతోందని, అది పడకుండా బిగింపులు పెట్టి కేబుల్ కారు నడిపారు, లాగే కేబుల్ తెగినప్పుడు ఆ బ్రేకు పనిచేయలేదు. కనుక బండి ఆపే అధికారం టికెట్ల లెక్క చూసేవారికి కాక మెకానిక్కుకే ఉండాలంటాను. నేను చూసిన ఒక తనిఖీ పుస్తకంలో నెల రోజుల టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పెట్టి ఉన్నాయి. టైరు గాలి గడిలో అన్ని రోజులూ ఒకే అంకె. ‘ఈ బండి ఇవాళ కదలదు’ అని రాయడానికి అందులో గడే లేదు.