ఉత్తర తెలంగాణ పట్టణాల మధ్య తేడాను దేంతో కొలవాలి? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. హనుమకొండలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, రామగుండం, ఆదిలాబాద్ మధ్య అభివృద్ధి తేడాను లెక్కగట్టడం నా ప్రాజెక్టు.

జిల్లా తలసరి ఆదాయానికి జనాభా వెయిటేజీ ఇచ్చి విలియమ్సన్ సూచిక (ప్రాంతాల మధ్య ఆదాయ తేడాను కొలిచే లెక్క) వేద్దామనుకున్నా. చిక్కంతా అక్కడే. రామగుండం ఎన్టీపీసీ కరెంటు, సింగరేణి బొగ్గు విలువ పెద్దపల్లి జిల్లా లెక్కలో పడుతుంది. ఆ డబ్బంతా అక్కడి ఇళ్లకు చేరినట్టు కాదు కదా! పైగా 2016లో జిల్లాలు విడిపోయాయి, పాత అంకెలతో పోల్చడం కుదరట్లేదు. వరంగల్ నగరమైతే ఇప్పుడు రెండు జిల్లాల్లో ఉంది. పట్టణాలవారీ జనాభాకు 2011 జనగణనే దిక్కు.

వెలుగు ఎక్కువున్నచోట ఆర్థిక కార్యకలాపాలు ఎక్కువనే లెక్కన, రాత్రిపూట ఉపగ్రహం తీసే వెలుగుల చిత్రాలు వాడమని ఒకరన్నారు. మరి ఓపెన్‌కాస్ట్ గనుల లైట్లను ఎలా తీసేయాలి?

అసమానతను కొలిచే మరో లెక్క, థైల్ సూచిక, హైదరాబాద్‌తో మనకున్న తేడాను, మనలో మనకున్న తేడాను విడదీసి చూపిస్తుంది. నాకు అదే ముఖ్యం, ఎందుకంటే చదువైపోగానే మావాళ్లంతా హైదరాబాద్ బస్సే ఎక్కుతున్నారు. అయిదు పట్టణాలకే వేస్తే ఆ ఫలితాన్ని నమ్మొచ్చా?

ఇంకొకటి: 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు లాంటివి ఈ తేడాను తగ్గిస్తున్నాయో లేదో ఏ పద్ధతిలో పరీక్షించాలి? ఇలాంటి పని చేసినవాళ్లుంటే దయచేసి దారి చూపండి.