ధనుష్కోటికి మళ్ళీ రైలు కావాలా?

బెజవాడ ప్యాసింజర్:
రామేశ్వరం దాకా రైల్లో హాయిగా వెళ్ళిన పెద్దవాళ్ళు సేతుస్నానానికి ధనుష్కోటి వెళ్ళాలంటే మళ్ళీ వ్యాన్లు, ఆటోలు, బేరాలు. మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ పడ్డ అవస్థ చూశాక అడుగుతున్నా. 1964 దాకా అక్కడికి రైలుండేది. 2019 మార్చిలో ప్రధాని మోదీ కొత్త లైనుకి శంకుస్థాపన చేశారు. సుమారు 17 కిలోమీటర్లు, 208 కోట్లు. పర్యావరణం దెబ్బతింటుందని తమిళనాడు ప్రభుత్వం వద్దంది, పని ముందుకు సాగలేదు. 2025 ఏప్రిల్లో రామేశ్వరం దీవికి రైలు తెచ్చే కొత్త పంబన్ వంతెన కూడా వచ్చేసింది కదా, ఇంకా అడ్డేంటి?

గూడూరు జంక్షన్:
అన్నా, అమ్మగారి ఇబ్బంది నిజమే. కానీ ఆ స్టేషన్ ఎందుకు పెట్టారో చూడండి. 1914లో పాత పంబన్ వంతెన తెరిచాక మద్రాసు ఎగ్మూరు నుంచి బోట్ మెయిల్ అనే రైలు ధనుష్కోటి దాకా వచ్చేది. రైలు దిగి రేవులో స్టీమర్ ఎక్కితే అవతల శ్రీలంకలో తలైమన్నార్, అక్కణ్ణుంచి కొలంబోకి మళ్ళీ రైలు. కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, రైల్వే ఆస్పత్రి, స్కూలు అన్నీ ఆ ఓడని నమ్ముకుని వెలిసినవే. ఇప్పుడక్కడ ఓడా లేదు, ఆ ఊరూ లేదు.

1964 డిసెంబర్ 22 రాత్రి తుఫానులో పంబన్లో బయల్దేరిన 653 నంబర్ ప్యాసింజర్ ధనుష్కోటి దగ్గర్లో సిగ్నల్ కనపడక ఆగింది. డ్రైవర్ కాసేపు చూసి, కూత వేసి, ఆ చీకట్లోనే ముందుకు పోనిచ్చాడు. పెద్ద అల వచ్చి ఆరు పెట్టెల్నీ ముంచేసింది. వందమందికి పైగా పోయారు. ఆ ఊరు ఇక నివాసానికి పనికిరాదని ప్రభుత్వమే ప్రకటించింది.

కాకినాడ పోర్ట్:
ఆ తుఫానుకే పంబన్ వంతెన కూడా దెబ్బతింది కదండీ! మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రైల్వే ఇంజనీరు శ్రీధరన్ గారు దాన్ని 46 రోజుల్లో బాగుచేయించారు. ఇప్పుడు 17 కిలోమీటర్ల లైను వెయ్యలేమా? అప్పట్లో తుఫాను ఎటు వస్తోందో ఇప్పట్లా ఎప్పటికప్పుడు చూపించే ఉపగ్రహాలు లేవు. ఇవాళ రెండ్రోజుల ముందే తెలుస్తుంది, రైళ్ళు ఆపేస్తే సరిపోతుంది. కాశీయాత్ర చేసేవాళ్ళు సేతు ఇసుక తీసుకెళ్ళి గంగలో కలిపే ఆచారం ఈనాటిదా? ఓడ లేకపోయినా యాత్రికులున్నారు.

గూడూరు జంక్షన్:
మాస్టారూ, హెచ్చరికల సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ 46 రోజుల్లోనే నాకు జవాబు కనిపిస్తోంది. వంతెనకి అంత హడావుడి ఎందుకంటే అవతల రామేశ్వరం ఉంది, అక్కడ జనం ఉన్నారు. అదే రైల్వే ధనుష్కోటి పట్టాల జోలికి పోలేదు. శ్రీలంక స్టీమర్‌ని కూడా తర్వాత రామేశ్వరం నుంచే నడిపారు. 1980ల్లో అదీ ఆగిపోయింది.

ఆ నేల చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు మన్నార్ సింధుశాఖ, మధ్యలో సన్నటి ఇసుక పట్టీ. గాలి లేస్తే తారురోడ్డు మీదికే ఇసుక మేట వేస్తుంది. పట్టాల మీద రోజూ ఎవరు తీస్తారు? మా పులికాట్‌కి వచ్చినట్టే అక్కడికీ ఫ్లెమింగోలు వస్తాయి. 2025 జూన్‌లో వాటి కోసం అభయారణ్యం కూడా ప్రకటించారు.

పాడుబడ్డ చర్చి చుట్టుపక్కల ఇప్పటికీ జాలర్ల పాకలున్నాయి. ఇసుకలో గుంట తవ్వి, ఊరిన మంచినీళ్ళు చెంబుతో బిందెలోకి తోడుకుంటారు. ఖర్చు పెట్టాలంటే ముందు వాళ్ళ కుళాయికి పెట్టాలి.

రేణిగుంట లోకో:
రామేశ్వరం నుంచి బస్సులు నడుస్తూనే ఉన్నాయి. వాటిని పెంచమని అడుగుదాం. 2017 నుంచి ధనుష్కోటి చివరనున్న అరిచల్‌మునై కొస దాకా మంచి రోడ్డుంది.

బెజవాడ ప్యాసింజర్:
బస్సు సరే తమ్ముడూ, దాని మెట్లు మా అమ్మ ఎక్కలేదు. స్టేషన్ బయటే ఎక్కించుకుని, చక్రాల కుర్చీతో సహా ఒడ్డు దాకా దింపే బస్సు వేస్తే నేను రైలు అడగను. అలాంటిది వేసేదాకా మాత్రం నా ఓటు రైలుకే.