విక్టోరియా కాలపు నవలలు వినాలంటే దేనితో మొదలుపెట్టాలి?

కిటికీసీటు: ఆఫీసుకు రానూపోనూ చాలా సమయం బస్సులోనే గడిచిపోతుంది. చదవబోయి వదిలేసిన డికెన్స్‌ను ఈసారి వినైనా పూర్తి చేయాలని ‘బ్లీక్ హౌస్’ పెట్టుకున్నాను. ఎవరు ఎవరో అంతుపట్టడం లేదు. విన్నవారు దారి చెప్పండి.

పాతఅట్ట: దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అందులో కథ చెప్పేవారు ఇద్దరు. కొన్ని అధ్యాయాలు ఎస్తర్ అనే పాత్ర చెబుతుంది, మిగిలినవి పేరులేని కథకుడివి. రెంటినీ ఒకే గొంతు చదివితే కొత్తవారికి తికమక తప్పదు. టెరిసా గలగర్, షాన్ బారెట్ పంచుకుని చదివిన రికార్డింగు ఉంది, తర్వాత అది వినండి. ముందు డికెన్స్‌దే ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ పట్టుకోండి. 1860 డిసెంబరు నుంచి వారం వారం పత్రికలో వచ్చిన నవల అది. పాఠకుడు వచ్చే వారం మళ్లీ పత్రిక కొనాలి కదా, ఆ ఉత్కంఠ ఇప్పటికీ పనిచేస్తుంది.

పైసాఖర్చులేదు: లిబ్రివాక్స్ అనే ఆడియోపుస్తకాల సైటులో ఇవన్నీ ఉచితం. 2005 నుంచి స్వచ్ఛందంగా చదివి పెడుతున్నారు. అయితే కొన్ని పుస్తకాల్లో అధ్యాయానికొక గొంతు మారుతుంది. మొదటినుంచి చివరిదాకా ఒక్కరే చదివినవి ఎంచుకోండి.

గాలికొండ: నేను ‘వదరింగ్ హైట్స్’కు ఓటేస్తాను. అందులో ముసలి నౌకరు జోసెఫ్ మాట్లాడేది యార్క్‌షైర్ యాస. అచ్చులో ఆ మాటలు చూస్తే కళ్లు తిరుగుతాయి. దక్షిణ ఇంగ్లండు పాఠకులకు అర్థం కాదని షార్లెట్ బ్రాంటీయే 1850 ముద్రణలో చెల్లెలు ఎమిలీ రాసిన ఆ యాసను కొంత తేలిక చేసింది, ఇక మనమెంత? వింటే మాత్రం ఆ గొణుగుడులోనే సగం తెలిసిపోతుంది, తిడుతున్నాడో దేవుణ్ణి తలుస్తున్నాడో.

మధ్యలోఆగాను: అన్నీ చెవికి లొంగుతాయంటే ఒప్పుకోను. ‘మిడిల్‌మార్చ్’ను జూలియట్ స్టీవెన్సన్ అద్భుతంగా చదివారు, దాదాపు 35 గంటలు. కానీ దాని రచయిత్రి జార్జ్ ఎలియట్ చురక వాక్యం చివర దాక్కుంటుంది. రోడ్డు దాటుతూ వింటే అది కాస్తా జారిపోతుంది. పైగా ప్రతి అధ్యాయం నెత్తినా ఒక పద్యమో ఉల్లేఖనమో ఉంటుంది. అది ఎక్కడ ముగిసి కథ ఎక్కడ మొదలైందో వినేవారికి వెంటనే తెలియదు. నేను రాత్రిపూట పుస్తకం తెరిచి, ఆ రోజు విన్న అధ్యాయం మళ్లీ తిరగేస్తాను.

పాతఅట్ట: ఎలియట్ విషయంలో మీరన్నది నిజమే. డికెన్స్ సంగతి వేరు. 1858 నుంచి టికెట్లు పెట్టి మరీ తన రచనలు సభల్లో చదివి వినిపించిన మనిషి. ఆయన సంభాషణల్లో నాటకం ముందే ఉంది.

కిటికీసీటు: వేగం పెంచి వినవచ్చా?

గాలికొండ: వర్ణనలకు కాస్త పెంచినా ఫరవాలేదు. సంభాషణల దగ్గర మామూలు వేగమే మంచిది, లేకపోతే హాస్యం చచ్చిపోతుంది.

పాతఅట్ట: డబ్బు పెట్టే ముందు నమూనా వినండి. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లో పారిపోయిన ఖైదీ శ్మశానంలో పిల్లవాణ్ణి పట్టుకుని, ఆకురాయీ తిండీ తెమ్మని బెదిరించే ఘట్టం మొదటి అధ్యాయంలోనే వస్తుంది. అక్కడ ఖైదీ గొంతూ పిల్లవాడి గొంతూ ఒకేలా ఉంటే మరో రికార్డింగు చూసుకోండి.