వెబ్ ఆప్షన్లలో కళాశాల ముందా, బ్రాంచి ముందా?

ప్రశ్న (ఒక తండ్రి, ఖమ్మం):
మా అమ్మాయికి తెలంగాణ ఎప్‌సెట్‌లో మధ్యస్థమైన ర్యాంకు వచ్చింది. పేరున్న కళాశాలలో సివిల్, అంతగా పేరులేని చోట కంప్యూటర్ సైన్సు వచ్చే అవకాశం కనిపిస్తోంది. తనకు వంతెనలన్నా, కట్టడాలన్నా ఆసక్తి. బంధువులేమో కంప్యూటర్సే మేలంటున్నారు. సీటు కోసం ఆన్‌లైన్‌లో ఇచ్చే ఆప్షన్లు ఏ వరుసలో పెట్టుకోవాలో దయచేసి చెప్పగలరు.

జవాబు (అధ్యాపకురాలు):
నమస్కారమండీ. ఆసక్తి ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు సివిల్‌నే పైన పెట్టించండి. ర్యాంకును, రిజర్వేషన్‌ను బట్టి మీరిచ్చిన వరుసలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, అందుబాటులో ఉన్న మొదటి సీటునే కేటాయిస్తారు కనుక, రాదేమోనన్న భయంతో నచ్చినదాన్ని కిందికి నెట్టవలసిన పని లేదు. ఇంకొక మాట: న్యాక్, ఎన్‌బీఏ అనేవి చదువుల నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే సంస్థలు. న్యాక్ గుర్తింపు కళాశాల మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఒక్కొక్క కోర్సుకు విడిగా ఇస్తారు. కాబట్టి కరపత్రంలో ఎన్‌బీఏ పేరు కనిపించినంత మాత్రాన సరిపోదు. అది సివిల్‌కు ఉందో లేదో, గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి.

జవాబు (సివిల్ ఇంజనీరు, వరంగల్):
మేడమ్ గారితో ఏకీభవిస్తున్నాను. అయితే ఆప్షన్లు ఖరారు చేసే ముందు ఆ కళాశాలకు పనిదినాన ఒకసారి వెళ్లి ల్యాబులు చూడండి. కాంక్రీటు దిమ్మల బలాన్ని పరీక్షించే యంత్రం దగ్గర ఇటీవలి తేదీలు రాసిన దిమ్మలుంటే అక్కడ ప్రయోగాలు నిజంగా జరుగుతున్నట్టే. చేరాక అమ్మాయిని మెకానిక్స్‌పై గట్టి పట్టు సాధించమనండి. ఎంటెక్ ప్రవేశాలకు ఉపయోగపడే గేట్ పరీక్షను మూడో ఏడాదిలోనే రాయవచ్చు.

జవాబు (సివిల్ విద్యార్థిని, మూడో ఏడాది):
వేసవి సెలవుల్లో నిర్మాణ స్థలంలో ఇంటర్న్‌షిప్ చేయడం నాకెంతో ఉపయోగపడిందండీ. డ్రాయింగులో చూసిన ఇనుప చువ్వల అమరికను అక్కడ దగ్గరగా చూశాకే పాఠం పూర్తిగా అర్థమైంది.