బట్టీలో వెట్టి ఉంటే ఇటుక కొన్నవాళ్లది కూడా తప్పేనా?

ఓరుగల్లు_సైట్:
హన్మకొండలో ఒక నిర్మాణ కంపెనీలో కొనుగోళ్లు చూస్తాను. మేం కడుతున్న ఆఫీసు బిల్డింగ్ ఒక బ్రిటన్ కంపెనీది. 3 కోట్ల 60 లక్షల పౌండ్ల టర్నోవర్ దాటిన కంపెనీలు తమ సరఫరాదారుల దగ్గర నిర్బంధ కూలీ లేకుండా ఏం చేశాయో ఏటా చెప్పాలని అక్కడ 2015లో చట్టం వచ్చింది. అందుకని, సరఫరాదారు దగ్గర నిర్బంధ కూలీ లేదని రాసివ్వాల్సిన ఫారం ఒకటి మాకు పంపారు. మా ఎండీ "బట్టీల వాళ్లతో సంతకం పెట్టించి ఫైల్ చెయ్" అన్నారు.

పెద్దపల్లి వైపు ఒక బట్టీకి పోయాను. ఓనర్ చదవకుండానే సంతకం పెట్టాడు. స్టాంపు కోసం బిస్కెట్ డబ్బా తీశాడు. అందులో రబ్బరు బ్యాండ్ వేసిన కూలీల ఆధార్ కార్డుల కట్ట ఉంది, పైకార్డు మీద ఒడియా అక్షరాలు. అడిగితే "అడ్వాన్స్ ఇచ్చినం కద సార్" అన్నాడు. ఫారం ఇంకా నా బ్యాగులోనే ఉంది. పంపాలా వద్దా?

బట్టీ_పెద్దపల్లి:
ఆ డబ్బా నాది కాకపోవచ్చు, కానీ అలాంటిది నా దగ్గరా ఉంది. 22 ఏళ్లుగా బట్టీ నడుపుతున్నా. వాళ్లుండేది గుడిసెల్లో. వానొస్తే కార్డులు తడుస్తాయి, పొయ్యి పక్కన పెడితే కాలుతాయి. భద్రంగా పెట్టమని వాళ్లే ఇస్తారు.

అడ్వాన్స్ అంటారా, ఒడిశాలోని బలంగీర్ నుంచి, నువాపడా నుంచి కూలీలను సర్దార్, అంటే మధ్యవర్తి, తీసుకొస్తాడు. నువాఖాయ్ పండుగ అయ్యీ కాకముందే వాళ్ల చేతిలో డబ్బు పడాలి. పెళ్లికో, పాత అప్పుకో వాళ్లే అడుగుతారు. పోయినేడు రెండు కుటుంబాలు రాత్రికి రాత్రే ఎల్లిపోయాయి. నా డబ్బు ఎవరిచ్చారు? బానిస వాళ్లా, నేనా?

కొత్తవాడ_తమ్మి:
జిరాక్స్ ఉంచుకుని ఒరిజినల్ ఇచ్చేయొచ్చు కద అన్నా.

బట్టీ_పెద్దపల్లి:
జిరాక్స్ పట్టుకుని బలంగీర్ దాకా నువ్వు పోతావా తమ్మీ, వాళ్లను వెతకడానికి?

వకీలు_హన్మకొండ:
ఈ ఒక్క వాక్యం చాలు. కార్డు భద్రత కోసం కాదు, పోకుండా ఉండడానికే అని మీరే ఒప్పుకున్నారు.

1976 వెట్టి నిర్మూలన చట్టంలో అడ్వాన్స్ ఒక్కటే నేరం అని లేదు. ఆ అప్పు వల్ల మనిషి వేరే చోట పని చేసుకోలేకపోతే, ఇష్టమొచ్చినట్టు తిరగలేకపోతే, రావాల్సిన కూలి అడగలేకపోతే అది వెట్టి. వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. వెట్టి అని తేలితే అప్పు రద్దు, ఇచ్చినవాడికి మూడేళ్ల దాకా జైలు. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియాడ్ కేసులో, అంటే ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టర్లు చేయించారు, మాకేం సంబంధం అన్న ప్రభుత్వం మాట అక్కడ చెల్లలేదు.

ఓరుగల్లు_సైట్:
సార్, ఆసియాడ్ కూలీలు వాళ్ల సైట్ మీదే పనిచేశారు. మేం ఇటుక కొంటాం, కూలీని పెట్టుకోం. రెండూ ఒకటేనా?

వకీలు_హన్మకొండ:
ఒకటి కాదు. ఇటుక కొన్నవాడిని జైల్లో వేసే సెక్షన్ ఆ చట్టంలో లేదు. కానీ మీరడిగింది జైలు గురించి కాదు కద, ఫారం పంపాలా అని. కట్ట కళ్లారా చూసి "లేదు" అని పంపితే అది అబద్ధం.

ఇల్లు_కడుతున్నా:
ఇటుక వెయ్యికి ఎంత నడుస్తోంది ఇప్పుడు? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గల్ఫ్_వాపస్_జగిత్యాల:
"భద్రంగా ఉంటుంది" అనే మాట దగ్గర ఆగిపోయాను. నేను పోయిన కంపెనీలో మా పాస్‌పోర్టులు క్యాంపు ఆఫీసు బీరువాలో పెట్టారు. వాళ్లూ ఇదే మాట అన్నారు. అలా ఉంచుకోవడం అక్కడి చట్టానికి కూడా విరుద్ధమే. మా అమ్మ పోయిందని ఫోనొస్తే పాస్‌పోర్టు చేతికి రావడానికి 19 రోజులు పట్టింది. నేనొచ్చేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. బీరువా అయితేనేం, బిస్కెట్ డబ్బా అయితేనేం.

బట్టీ_పెద్దపల్లి:
అన్నా, అమ్మ విషయం బాధాకరం. కానీ గల్ఫ్‌కి నువ్వు అప్పు చేసి పోయినవ్. ఇక్కడ అప్పు ఇచ్చేది నేను. రెంటికీ పోలిక ఎక్కడిది?

గల్ఫ్_వాపస్_జగిత్యాల:
అప్పు ఇచ్చినవాడే పని పెట్టుకునేవాడైతే ఇంకా ఘోరం కద. దొరల కాలంలో మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు మీరు.

బట్టీ_పెద్దపల్లి:
దొరనా? మా నాయిన మూడు వందల అప్పుకు పన్నెండేళ్లు దొర దగ్గర జీతం ఉన్నాడు. పశువుల కొట్టంలో పడుకున్నాడు. నన్ను దొర అనే ముందు ఆలోచించు.

ఇగ అసలు మాట చెప్తా వినండి. ఓరుగల్లు_సైట్ సార్ లాంటి కంపెనీలు ఇటుక దింపుకుని నాలుగు నెలలకు చెక్కిస్తాయి. అడిగితే "ఇంకో బట్టీ వాడు వెయ్యికి రెండొందలు తక్కువకిస్తడు" అంటారు. నేను నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి సర్దార్ చేతిలో పెడతా. కూలీ పోతే ఆ మిత్తి ఎవరు కడతారు? ఫారం లండన్ నుంచి వస్తుంది, హన్మకొండలో ఆగదు, నా నెత్తి మీద పడుతుంది. రేటు పెంచుతామని ఆ ఫారంలో ఒక్క గడి ఉందా సార్? బిల్లు 30 రోజుల్లో ఇస్తామని ఉందా?

కొత్తవాడ_తమ్మి:
ఇది మాత్రం పాయింటే.

ఓరుగల్లు_సైట్:
లేదు. అలాంటి గడి లేదు. నేను పోయిన ఆ బట్టీకి మేం మూడు బిల్లులు బాకీ ఉన్నాం. ఇది మొదటి పోస్టులో రాయలేదు, రాయాల్సింది.

వకీలు_హన్మకొండ:
రేటు గురించి మీరన్నది న్యాయమే. కానీ బిల్లు ఆలస్యమైతే మీరు కంపెనీ మీద కోర్టుకు పోగలరు. ఆ కుటుంబం ఎటు పోతుంది? ఊరి కాని ఊరు, భాష రాదు, కార్డు మీ దగ్గర. కలెక్టర్ ఆఫీసు నుంచి విడుదల పత్రం వస్తే తప్ప పునరావాస సాయం అందదు. దరఖాస్తు పెట్టాలన్నా ముందు బట్టీ దాటాలి కద.

గల్ఫ్_వాపస్_జగిత్యాల:
దొర అన్నందుకు ఏమనుకోకండి అన్నా. ఒక్కటే అడుగుతా. మీ నాయిన అప్పు లెక్క రాసిన పుస్తకం ఎవరి దగ్గర ఉండేది?

బట్టీ_పెద్దపల్లి:
ఇంకెవరి దగ్గర, దొర దగ్గరే. మా నాయినకు చదువు రాదు. తీరిందా లేదా అనేది కూడా దొర చెప్తేనే తెలిసేది.

గల్ఫ్_వాపస్_జగిత్యాల:
మీ బట్టీలో పుస్తకం?

ఇల్లు_కడుతున్నా:
రేటు ఎవరూ చెప్పట్లేదు.

ఓరుగల్లు_సైట్:
ఫారం పంపలేదు. "బట్టీలో ఆధార్ కార్డులు ఓనర్ దగ్గర ఉన్నాయి, మా వైపు మూడు బిల్లులు బాకీ" అని రాసి ఎండీకి మెయిల్ పెట్టాను. సోమవారం వచ్చి కలవమన్నారు. టెన్షన్‌గా ఉంది.

బట్టీ_పెద్దపల్లి:
నిన్నటి నుంచి రాయాలా వద్దా అనుకుంటున్నా. పుస్తకం నా దగ్గరే ఉంది. నా కొడుకు రాస్తాడు. కార్డులు ఇచ్చేస్తానని ఇక్కడ మాటివ్వను, ముందు బిల్లులు రానీయండి.