అనువర్తిత ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్: ముందు ఏం చదివి ఉండాలి, ఏం చేయడం వచ్చి ఉండాలి?

మొదటి_అడుగు
డిగ్రీలో గణాంకశాస్త్రం, పీజీలో ఆర్థికశాస్త్రం చదివాను. డాక్టరేట్‌కు దరఖాస్తులు సిద్ధం చేసుకుంటున్నాను. రియల్ అనాలిసిస్ (రుజువులతో సాగే గణితం) చదవకపోవడం పెద్ద లోటా? గణాంకాల సాఫ్ట్‌వేర్‌లలో స్టేటా బాగా వచ్చు, ఆర్ కొద్దిగా వచ్చు, రెండూ తప్పనిసరా? సిఫారసు లేఖ గణితం చెప్పినవారి దగ్గర తీసుకోవాలా, పరిశోధన చేయించినవారి దగ్గరా? సీవీలో నైపుణ్యాల కింద ఏం రాస్తే నమ్ముతారు? ప్రస్తుతానికి ‘స్టేటా, ఆర్, పైథాన్: నిపుణత’ అని రాసి ఉంచాను.

రుజువు_కావాలి
లోటే. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే నేను ఆ లోటుతోనే చేరాను. మైక్రో (సూక్ష్మ ఆర్థికశాస్త్రం) తరగతిలో రెండో వారమే ‘సంహత సమితి మీద అవిచ్ఛిన్న ప్రమేయానికి గరిష్ఠ విలువ ఉంటుంది’ అని బోర్డు మీద ఒక్క గీతలో రాసి ఆచార్యులు ముందుకు వెళ్లిపోయారు. సంహత సమితి అంటే, స్థూలంగా, హద్దులుండి తన అంచులను కూడా కలుపుకున్నది. ఉన్న డబ్బుతో ఏం కొంటే ఎక్కువ తృప్తి అన్న వినియోగదారుడి సమస్యకు సమాధానం ఉంటుందన్న భరోసా ఆ గీతలోనే ఉంది. ఏదో ఒక వస్తువు ధర సున్నా అనుకోండి, బడ్జెట్ సమితికి (అతను కొనగలిగినవాటికి) హద్దు పోతుంది, భరోసా కూడా పోతుంది. పక్కవాళ్లు తల ఊపి రాసుకుంటుంటే, ‘సంహత’ అంటే ఏమిటో నేను ఆ రాత్రి వెతుక్కున్నాను. ఏడాది చివర అర్హత పరీక్ష మొదటిసారి తప్పాను.

పట్టికల_మనిషి
ఇరవై ఏళ్లుగా సర్వే డేటాతో పని చేస్తున్నాను. ఎందరో డాక్టరేట్ విద్యార్థుల కోడ్ వరుస వరుసా చదివాను. సిద్ధాంతం రాక మునిగినవారిని వేళ్ల మీద లెక్కపెట్టగలను, డేటా తెలియక మునిగినవారిని లెక్కపెట్టలేను. మొదటి_అడుగు గారు, ‘నిపుణత’ అన్నారు కదా, ఒక ప్రశ్న. స్టేటాలో ఆదాయం 50,000 కన్నా ఎక్కువ ఉన్న కుటుంబాలకు 1 ఇవ్వమన్నారు. ఆదాయం చెప్పని కుటుంబాలు ఎటు వెళతాయి?

మొదటి_అడుగు
ఖాళీగానే ఉంటాయి కదండీ?

పట్టికల_మనిషి
ఉండవు. స్టేటా దృష్టిలో ఖాళీ విలువ అన్ని అంకెలకన్నా పెద్దది. జవాబు చెప్పని ప్రతి కుటుంబమూ ధనికుల జాబితాలో చేరిపోతుంది. ఎర్ర అక్షరాలు రావు, హెచ్చరిక రాదు. ఈ ప్రశ్నకు తడబడే వారి సీవీలో ‘నిపుణత’ అన్న మాట కనిపిస్తే మిగతాది కూడా నేను నమ్మను.

ఆర్_పక్షం
ఇందుకే స్టేటా వదిలేయండి అని నెత్తీనోరూ కొట్టుకుంటున్నాం. ఆర్‌లో ఖాళీని దేనితో పోల్చినా జవాబు ఖాళీయే. పైగా ఉచితం. మీ ఫలితాన్ని సరిచూడాలనుకున్నవారు లైసెన్సు కొనుక్కోవాలా?

పట్టికల_మనిషి
ఆర్ గంగి గోవు అన్నట్టు చెప్పకండి. 10, 20, 30 అన్న విలువలు ఫ్యాక్టర్‌గా (అంకెలుగా కాక వర్గాల పేర్లుగా) ఉన్న నిలువు వరుసను నేరుగా అంకెలుగా మార్చండి, 1, 2, 3 వస్తాయి. నోరు మెదపకుండా.

ఆర్_పక్షం
పాత సంగతులు తవ్వుతున్నారు. 2020లో వచ్చిన 4.0 నుంచి ఫైలు చదివేటప్పుడు అక్షరాలను తనంతట తాను ఫ్యాక్టర్‌గా మార్చడం లేదు.

పట్టికల_మనిషి
చదివేటప్పుడు మార్చదు. ఎవరో ఫ్యాక్టర్‌గా చేసి భద్రపరచిన ఫైలు మీ చేతికి వస్తే? మళ్లీ అదే గొయ్యి. ఇంకొకటి: చదరపు బ్రాకెట్లలో షరతు పెట్టి వరుసలు ఎంచితే, ఖాళీ ఉన్న చోటల్లా పూర్తిగా ఖాళీ వరుసలు పుట్టుకొస్తాయి. మీరు ఆర్ వాడుతున్నది ఎన్నాళ్లుగా?

ఆర్_పక్షం
ఎన్నాళ్లుగా అన్నది వాదన కాదు. నేను చెప్పింది ఇతరులు మీ పనిని మళ్లీ నడిపి చూడగలగడం గురించి. దానికి మీరు జవాబు చెప్పలేదు.

నిశ్శబ్ద_దోషం
నేను స్టేటా గొయ్యిలోనే పడ్డాను, అది వేరే గొయ్యి. కుటుంబాల ఫైలు ఒకటి, సభ్యుల ఫైలు ఒకటి. కలపబోతే కుటుంబాల వైపు గుర్తింపు సంఖ్యలు రెండేసి సార్లు ఉన్నాయని ఆపేసింది. రెండేసి సార్లు ఎందుకున్నాయో చూడాల్సింది పోయి, ‘ఎమ్-ఎమ్ మెర్జ్’ (రెండు ఫైళ్లలోనూ ఒకే సంఖ్య మళ్లీ మళ్లీ వచ్చినా కలిపేసే ఆదేశం) పెట్టాను. ఆగకుండా నడిచింది. అది ఒకే సంఖ్య ఉన్న వరుసల్లో మొదటిదాన్ని మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో అంటించుకుంటూ పోతుంది. ఫైలు ఏ క్రమంలో ఉందో దాన్నిబట్టి తల్లికి పక్కింటి పొలం వస్తుంది. అలా కలపవద్దని స్టేటా మాన్యువల్‌లోనే రాసి ఉంది. నేను అది చదివింది మూడో ఏడాదిలో. సరిగ్గా కలిపితే ప్రభావం మాయమైంది. ఒక అధ్యాయం మొత్తం పోయింది. ఇప్పుడు ఏ రెండు ఫైళ్లు కలిపినా, ముందు ఎన్ని వరుసలు రావాలో కాగితం మీద రాసుకుని తర్వాతే ఎంటర్ నొక్కుతాను.

రుజువు_కావాలి
మీ అధ్యాయం పోయినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ ఇవన్నీ ఒకసారి దెబ్బ తింటే వచ్చే పాఠాలు. సిద్ధాంతం అలా రాదు. 2004లో ఆర్థికవేత్తలు బెర్ట్రాండ్, డఫ్లో, ముల్లైనాథన్ అమెరికా మహిళల వేతనాల డేటా తీసుకుని, లేని చట్టాలను ఉన్నట్టు ఊహించి, వాటి ‘ప్రభావాన్ని’ మామూలు పద్ధతిలో కొలిచారు. లేని ప్రభావం ఉన్నట్టు చూపే తప్పుడు ఫలితాలు, 5 శాతం దగ్గర ఆగాల్సినవి, 45 శాతం దాకా వెళ్లాయి. ఒకే రాష్ట్రపు వేతనాలు ఏడాది నుంచి ఏడాదికి ముడిపడి ఉంటాయన్నది లెక్కలోకి తీసుకోకపోవడమే కారణం. అక్కడ ఖాళీలూ లేవు, మెర్జూ లేదు. ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) ఎక్కడినుంచి వస్తుందో తెలిసినవారికే అది కనిపిస్తుంది.

పట్టికల_మనిషి
వారు దాన్ని చూపించింది ఎలా? డేటాలో దొంగ చట్టాలను వందల సార్లు నడిపి. కోడ్ రాయడం వచ్చినవారు కాబట్టే చూపించగలిగారు. ఇక గణితం సంగతి: ఎలినోర్ ఆస్ట్రమ్‌కు గణితం చాలలేదని ఆర్థికశాస్త్ర డాక్టరేట్‌లో చోటివ్వలేదు. 2009లో ఆర్థికశాస్త్రపు నోబెల్ ఆమెకే వచ్చింది.

రుజువు_కావాలి
చోటివ్వలేదు అని మీరే అన్నారు. ఆమె రాజనీతిశాస్త్రంలో డాక్టరేట్ చేయాల్సి వచ్చింది. ఇక్కడ అడుగుతున్న మనిషికి ముందు చోటు కావాలి! ఇరవై ఏళ్ల అనుభవం అని చెప్పుకుంటూ కొత్తవారిని గణితం నుంచి పక్కకు తప్పించకండి. ఆ మాట విని చేరినవారు మొదటి ఏడాదిలో ఏమవుతారో మీరు చూడరు, నేను చూశాను.

పట్టికల_మనిషి
గణితం వద్దని నేను అనలేదు. అన్నట్టు రాయకండి.

చేను_గట్టు
మీ ఇద్దరి మధ్య అసలు విషయం నలిగిపోతోంది. అమెరికాలో అనువర్తిత ఆర్థికశాస్త్ర విభాగాలు చాలావరకు వ్యవసాయ ఆర్థికశాస్త్రం నుంచి పెరిగినవే. ఆర్థికవేత్త గ్రిలికస్ 1957 నాటి డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం హైబ్రిడ్ మొక్కజొన్న మీద. అయోవా రైతులు ముందే ఎందుకు మారారు, అలబామా రైతులు ఆలస్యంగా ఎందుకు మారారు? రైతు మొండితనం కాదు కారణం. ఆ విత్తనాన్ని ఏ ప్రాంతానికి ఆ ప్రాంతానికి విడిగా తయారుచేయాలి. అమ్మకం ఎక్కువ ఉన్న చోటికే తయారీదారులు ముందు వెళ్లారు. విత్తనం గురించి తెలియనివారికి ఆ ప్రశ్నే తట్టదు.

నేను వ్యవసాయ డిగ్రీ నుంచి వచ్చాను. తరగతిలో గణితంలో అందరికన్నా వెనుక. కానీ దిగుబడి వరుసలో కొన్ని ఊళ్లు విడ్డూరంగా ఎక్కువ కనిపిస్తే, అక్కడ పచ్చి గింజ తూకం రాశారని నాకే అనుమానం వచ్చింది. సర్వే పత్రాలు తీసి చూస్తే అదే నిజం. ‘మీ ఆదాయం ఎంత?’ అని అడిగితే రైతు దగ్గర అంకె ఉండదు. పంట పంటకూ విడిగా అడగాలి. సీవీలో రాయాల్సిన నైపుణ్యం ఇది. ఎవరూ రాయరు.

నిశ్శబ్ద_దోషం
ఇతరుల పనిని మళ్లీ చేసి చూడటం కూడా రాయవచ్చు. దేశాల అప్పు, వృద్ధి మీద ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ రాసిన 2010 వ్యాసాన్ని తరగతి పనిగా మళ్లీ చేయబోయి తప్పు పట్టుకున్న థామస్ హెర్న్‌డన్ అప్పటికి విద్యార్థే. స్ప్రెడ్‌షీట్‌లో సగటు తీసిన గడుల్లో ఐదు దేశాలు పడలేదు. దానితోపాటు వదిలేసిన సంవత్సరాలనూ, సగటు తీసిన తీరునూ సరిచేస్తే, అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల వృద్ధి మైనస్ 0.1 నుంచి 2.2 శాతానికి మారింది.

ఆర్_పక్షం
ఆయన దాన్ని పట్టుకోగలిగింది అసలు స్ప్రెడ్‌షీట్ చేతికి వచ్చాకే. నేను మొదటినుంచీ అంటున్నది ఇదే.

మొదటి_అడుగు
అందరికీ ధన్యవాదాలు. రియల్ అనాలిసిస్ ఈ సెమిస్టర్‌లోనే బయట ఒక కోర్సుగా చదవడానికి చేరాను. ‘నిపుణత’ తీసేసి ‘రెండు సర్వే ఫైళ్లను కలిపి, కోడ్‌తో సహా భద్రపరిచాను’ అని రాశాను.

ఇంకొక విషయం. పట్టికల_మనిషి గారి ప్రశ్న చూశాక నా పీజీ ప్రాజెక్టు తెరిచాను. ఆదాయం చెప్పని 143 కుటుంబాలూ ధనికుల వైపే ఉన్నాయి. సరిచేస్తే మూడో పట్టికలో ప్రభావం సగానికి పడిపోయింది. సిఫారసు లేఖ రాస్తున్నది ఆ ప్రాజెక్టు చేయించిన గైడు గారే. ఇంకా పంపలేదు.

పట్టికల_మనిషి
రేపే వెళ్లి చెప్పండి. పాత పట్టిక, కొత్త పట్టిక పక్కపక్కన పెట్టి, తప్పు ఉన్న కోడ్ వరుసను గుర్తు పెట్టి తీసుకెళ్లండి. లేఖ ఎవరి దగ్గర తీసుకోవాలని అడిగారు కదా, ఆయన దగ్గరే తీసుకోండి.

రుజువు_కావాలి
ఈ ఒక్కదాంట్లో ఆయనతో ఏకీభవిస్తాను.

ఆర్_పక్షం
వెళ్లేముందు అదే పట్టిక ఆర్‌లో కూడా వేసి చూడండి. 143 వస్తుందో లేదో ఇక్కడ రాయండి.