పదహారో నెల టీకాకు పిల్లలు ఎందుకు తగ్గిపోతున్నారు?

ప్రశ్న: కోనసీమ పిల్లల వైద్యుడు

అమలాపురానికి దగ్గరలోని ఒక ఊళ్లో నాలుగేళ్లుగా చిన్న క్లినిక్ నడుపుతున్నాను. నేను, ఒక నర్సు, ఓపీ చీటీలు రాసే అబ్బాయి, అంతే మా బలగం. తొమ్మిదో నెలలో తట్టు-రుబెల్లా టీకాకు తప్పక వచ్చే పిల్లలలో చాలామంది, 16 నుంచి 24 నెలల మధ్య వేయవలసిన రెండో మోతాదుకూ డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) బూస్టరుకూ కనిపించడం లేదు. తొమ్మిదో నెలలో వేసిన మోతాదు ఒక్కటే అయితే సుమారు 85 శాతం పిల్లలకే రక్షణ కలుగుతుందనీ, తట్టు ఊళ్లో పాకకుండా ఉండాలంటే 95 శాతం మందికి రెండు మోతాదులూ పడాలనీ ఈ చర్చలో ఉన్న వైద్యులకు, నర్సులకు నేను చెప్పనక్కరలేదు. గడువుకు ముందురోజు ఫోనుకు సందేశం వెళ్లే ఏర్పాటు చేసి ఆరు నెలలయింది. ఒక నెల బాగున్నట్టు, మరుసటి నెల చతికిలబడినట్టు కనిపిస్తోందే తప్ప మార్పు వచ్చిందో లేదో తేల్చుకోలేకపోతున్నాను. నర్సు అశ్రద్ధ చేస్తోందేమోనన్న అనుమానం కూడా కలిగింది గానీ ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఇంత చిన్న చోట దేనిని కొలవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పాలకొల్లు నుంచి ఒక సీనియర్

నర్సును అనకపోవడం మంచిదయింది. మీరు తగ్గారంటున్నారు సరే, ఎంతమందిలో తగ్గారు? మన ప్రాంతంలో తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి వెళుతుంది. ఆరు వారాల టీకాకు మీ రిజిస్టరులోకి ఎక్కిన బిడ్డ ఇప్పుడు భీమవరంలోనో హైదరాబాదులోనో శుభ్రంగా టీకాలు వేయించుకుంటూ ఉండవచ్చు. మరోవైపు, తల్లి గల్ఫ్‌కు వెళితే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు కోనసీమలో తక్కువేమీ కాదు. ఆ బిడ్డ పేరు మీద ఉన్న నంబరు తల్లిదే అయితే మీ సందేశం కువైట్‌లో మోగుతుంది, బిడ్డ ఇక్కడే ఉంటుంది.

అందుచేత పాత రిజిస్టరును పక్కన పెట్టండి. ఈ వారం ఏ కారణంతోనైనా మీ గడప తొక్కిన 16–24 నెలల పిల్లలు ఎందరు, వారిలో రెండో మోతాదు పూర్తయి బయటికి వెళ్లినవారు ఎందరు, ఈ రెండు అంకెలే రాయండి. సర్కారు టీకా రోజున వేయించుకున్నా, ఎంఎంఆర్ (తట్టు, రుబెల్లాలతోపాటు గవదబిళ్లలకూ కలిపి వేసే టీకా) వేయించుకున్నా పూర్తయినట్టే లెక్క. కొలిచేది బిడ్డ రక్షణను, మన రాబడిని కాదు. వచ్చినవారిలో పూర్తయినవారు ఎంత శాతమో గ్రాఫు కాగితం మీద వారానికో చుక్కగా పెట్టి, మొదటి పది పన్నెండు చుక్కలకు మధ్యస్థ గీత (సగం చుక్కలు పైన, సగం కింద ఉండేలా) గీయండి. ఆ తరువాతి చుక్కలు వరుసగా ఆరు గీతకు ఒకే వైపున పడితే తప్ప మార్పు వచ్చిందనుకోవద్దు. ఈ ఆలోచనకు మూలం 1924లో షూహార్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఫ్యాక్టరీ సరుకు నాణ్యత కోసం గీసిన గ్రాఫు. పిల్లల క్లినిక్‌కూ అంతే చక్కగా పనికివస్తుంది. సంక్రాంతి వారం చుక్క పక్కన మాత్రం ఒక గుర్తు పెట్టండి, ఆ వారం మనకు వచ్చేవారిలో సగం మంది చుట్టాల పిల్లలే.

జవాబు: నరసాపురం వైపు పనిచేసే నర్సు

డాక్టరుగారూ, ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు. మా దగ్గర కూడా పిల్లలు రావడం లేదనే అనుకున్నాం. వచ్చినవారిని మేమే తిప్పి పంపుతున్నామని తరువాత తెలిసింది. పదిహేడో నెల బిడ్డ జలుబుతో వస్తుంది, తల్లి టీకా మాట ఎత్తుతుంది, "తగ్గాక తీసుకురండి" అంటారు. తగ్గాక ఎవరు వస్తారు? మామూలు జలుబు, కొద్దిపాటి జ్వరం టీకా వాయిదాకు కారణాలు కావు. సర్కారు సీసాలో పది మోతాదులు ఉండవచ్చు, కలిపిన నాలుగు గంటలలో వాడెయ్యాలి, మిగిలింది పారెయ్యాలి కనుక వారు టీకా రోజు దాకా ఆగమంటారు; ఒకే మోతాదు సీసా వాడే క్లినిక్‌కు ఆ ఇబ్బంది లేదు.

మేము ఒక్క సోమవారం ఉదయం మాత్రమే ప్రయత్నించి చూశాం: బరువు తూచే దగ్గరే కార్డు అడగడం. కార్డు పుట్టింట్లో ఉందన్నవారే ఎక్కువ. మరుసటి వారం నుంచి కార్డు కనిపించిన వెంటనే ఫోటో తీసి ఫైలులో పెట్టడం మొదలుపెట్టాం. డీపీటీ తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చని ముందే చెప్పి, బరువును బట్టి పారాసిటమాల్ ఎంత వేయాలో రాసి ఇస్తే అమ్మమ్మలు కూడా భయపడడం లేదు.

ప్రశ్న అడిగినవారు

నమస్కారమండీ. నిన్న రాత్రి గత రెండు వారాల ఓపీ చీటీలు తీసి చూశాను. జలుబుకు వచ్చిన ఆ వయసు పిల్లల చీటీల మీద "టీకా తగ్గాక" అని ఉంది. అది నర్సు రాత కాదు, నాదే. ఈ ఉదయం ఆమెకు ఆ చీటీలు చూపించాను; "నేను రెండుసార్లు చెప్పాను సార్" అన్నది. సోమవారం నుంచి కార్డు అడిగే పని ఆమెది, చుక్క పెట్టే పని నాది. అమ్మమ్మల నంబర్లు రాసుకోవడం అబ్బాయి మొదలుపెట్టేశాడు.